మేస్త్రీ కొరికిన నిమిషాలు

ముందు కీచుమని ఒక చప్పుడు వినిపించింది. గోడ అవతల ఏదో పిట్ట ఒక మాట మొదలుపెట్టి, వద్దనుకుని ఆపేసినట్టు. కాసేపటికి మళ్లీ. ఆ తర్వాత ఊపిరి తీసుకోకుండా కీచుకీచుమని వరసగా. చివరికి ఆ గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక ఆడమనిషి గొంతు "నలభై ఒకటి" అంది. ఎవరితోనూ కాదు.

ఫ్యాక్టరీ చూడటానికి వచ్చిన నేను తలుపు తీస్తే ఆవిడ నేల మీద మోకాళ్లు మడిచి కూర్చుని ఉంది. మెడలో తాడుకి స్టాప్‌వాచ్, ఒళ్లో తడిసి ముద్దయిన నీలం ఏనుగు బొమ్మ. ఎదురుగా గోధుమరంగు కుక్క, చెవులు వేలాడేసి, పని అయిపోయిందా అన్నట్టు ఆవిడ మొహంలోకి చూస్తోంది. ఆవిడ ఏనుగుని అటూ ఇటూ తిప్పి, ప్రతి కుట్టు మీదా బొటనవేలు నడిపించింది. చూపు లేనివాళ్లు ఆత్మీయుల మొహం తడుముకున్నట్టు. రిజిస్టరులో ఏదో రాసి సంతకం పెట్టింది.

ఆ ఫ్యాక్టరీలో కుక్కలు ఆడుకునే మెత్తటి బొమ్మలు కుడతారు. చెప్పులూ సోఫాలూ తలుపు అంచులూ నమిలేసే కుక్కల కోసం కుట్టే బొమ్మలు. పైన నూగు గుడ్డ, కింద గట్టి నైలాను రెండు పొరలు, లోపల దూది, దూది నడుమ పిట్ట. పిట్ట అంటే నొక్కితే కీచుమనే ప్లాస్టిక్ బుడ్డి. కుట్టేవాళ్లు దానికి పెట్టుకున్న పేరు అది. ప్రతి లాటులోంచీ మూడు బొమ్మలు ఈ గదికి వస్తాయి. కుక్క కొరుకుతుంది, ఆవిడ చూస్తూ కూర్చుంటుంది. రిజిస్టరులో మూడు గడులు: మొదటి పోగు, మొదటి కన్నం, మొదటి దూది. ఏ నిమిషంలో పోగు లేచింది, ఏ నిమిషంలో కన్నం పడింది, ఏ నిమిషంలో దూది బయటికి కనిపించింది. ఇప్పటి హద్దు అరగంట, మొదటి ఏళ్లలో చాలా తక్కువ ఉండేది. ఆ లోపు దూది కనిపిస్తే ఆ లాటంతా కుట్లు విప్పి మళ్లీ కుట్టాలి. అందుకే ఆవిడని అందరూ నిమిషాలమ్మ అంటారు.

మొదట్లో ఆవిడా కుట్టు మిషన్ మీదే ఉండేది. పంతొమ్మిదేళ్లు తన వదిన పక్క మిషన్. ఒకనాడు ఈ కుక్క వచ్చింది. అంతకుముందు రెండు ఇళ్లవాళ్లు దాన్ని పెంచుకుని, కుక్కల షెల్టరుకి తిరిగి ఇచ్చేశారు. మొదటివాళ్ల సోఫా మిగల్లేదు. రెండోవాళ్లు దాన్ని గదిలో పెట్టి తలుపేస్తే, తలుపే మిగల్లేదు. ఆ ఘనత చూసే ఫ్యాక్టరీవాళ్లు తెచ్చుకున్నారు. గొలుసు చేతికిస్తూ షెల్టరు మనిషి, గొడుగు మర్చిపోకండి అన్నంత మామూలుగా, "ఇది మళ్లీ తిరిగొస్తే మేం ఉంచుకోం, ప్రాణం పోయే సూది వేసేస్తాం" అన్నాడు. నిమిషాలమ్మ ఆ మాట విన్నది.

ఈ గదిలో అప్పుడు పని చేసే మనిషి రెండో రోజే చెయ్యి కరిపించుకుని వెళ్లిపోయాడు. చిరిగిన బొమ్మలు తీసుకురమ్మని ఈవిడని పంపారు. కుక్క లేచి వచ్చి ఈవిడ పాదం మీద తల పెట్టి పడుకుంది. గంటసేపు కదల్లేదు. ఈవిడా కదల్లేదు. ఉద్యోగం అలా మారింది.

మొదటి వారంలో అది ముప్పై రెండు బొమ్మల్ని ఊడబీకింది. మేనేజరు మురిసిపోయి దానికి మేస్త్రీ అని పేరు పెట్టాడు. మేస్త్రీ తట్టి చూసి గోడ సంగతి చెప్పినట్టు వీడు కొరికి చూసి కుట్టు సంగతి చెప్తాడు అన్నాడు. బొమ్మల అట్టల మీద దాని ఫొటో వేయించాడు. నోరు తెరిచి, కోరలు మెరుస్తూ ఉన్న ఫొటో.

కుట్టేవాళ్లకి మాత్రం మేస్త్రీ అంటే మంట. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు వదిన మొదలుపెట్టేది.

"ఏమే, మీ మేస్త్రీగారికి కాస్త నచ్చజెప్పకూడదూ? విప్పి కుట్టి, విప్పి కుట్టి నా నడుం పడిపోతోంది."

"నేనేం చెప్తాను వదినా, నీ కుట్టే చెప్తోంది."

"ఆహా! పళ్లు ఆయనవి, నోరు నీది."

అందరూ నవ్వేవాళ్లు. వదినా నవ్వేది. అన్నయ్య పోయాక వాళ్లిద్దరే ఒక మేడ మీద గదిలో ఉంటున్నారు. కుక్కని కాదు కదా, కుక్క బొమ్మని కూడా మెట్లెక్కనివ్వని ఓనరు కింద ఉంటాడు. పొద్దున్నే ఇద్దరూ కలిసి నడిచి వస్తారు, సాయంత్రం కలిసి వెళ్తారు.

మొదటి ఏడాది మేస్త్రీకి ఒక బొమ్మ నాలుగు నిమిషాల పని. ఆ తర్వాత పదకొండు అయింది. మూడో ఏడాది ఇరవై. నాలుగో ఏడాది ముప్పై ఎనిమిది. కొత్త దారం మహిమ అన్నాడు మేనేజరు. దారం కాదు, అంచు లోపలికి మడిచి రెండుసార్లు వేసే తన కుట్టు అంది వదిన. మేనేజరు అవునని ఒప్పుకున్నాడు. అందరి ముందూ ఆమెని నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఆ సాయంత్రం వదిన పాట పాడుకుంటూ అంట్లు తోమింది. అన్నయ్య పోయాక ఆ గదిలో పాట వినబడటం అదే మొదలు.

ఆరో ఏడాది ఒక మధ్యాహ్నం, రోజూ లాగే, నిమిషాలమ్మ మేస్త్రీ పళ్ల సందుల్లో ఇరుక్కున్న పోగులు తీస్తోంది. వేలు ఎక్కడో జారింది. కోర ఉండాల్సిన చోట కోర లేదు. వానకి అరిగిన గడపలాంటి నున్నటి మొద్దు ఉంది. అటు చూసింది, ఇటు చూసింది. నాలుగు కోరలూ అంతే. ఏళ్ల తరబడి నైలాను నమిలి నమిలి, ఆకురాయి మీద రుద్దినట్టు అరిగిపోయాయి.

"రోజూ తాకే చోటేనండీ," అంది నాతో. "రోజూ తాకటం వల్లే తెలియలేదు."

బీరువా అడుగున మొదటి ఏడాది కుట్టిన బాతు బొమ్మ ఒకటి మిగిలి ఉంది. పాత దారం, ఒంటి కుట్టు. దాని జోడీ అప్పట్లో నాలుగు నిమిషాల్లో పేలిపోయింది. ఆ బాతుని మేస్త్రీ ముందు పెట్టి వాచీ నొక్కింది. పది నిమిషాలు. ఇరవై. నలభై. గంట. మేస్త్రీ నమిలి నమిలి అలిసిపోయి, బాతు మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

బొమ్మలు గట్టిపడలేదు. కుక్క మెత్తబడింది. కొలిచే కర్ర అరిగిపోతూ ఉంటే, గుడ్డ పెరుగుతోందని వీళ్లంతా ఇన్నేళ్లూ సంబరపడ్డారు.

ఆ మాట రిజిస్టరులో రాస్తే మేస్త్రీతో ఫ్యాక్టరీకి పనుండదు. పని లేని కుక్క షెల్టరుకి పోతుంది, ఇంటికి తీసుకెళ్దామంటే ఓనరు. సూది వేసేస్తాం అన్న మాట ఆమె చెవిలోంచి పోలేదు. బాతుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇరవై ఆరు రోజులు ఎవరితోనూ ఏమీ అనలేదు. ఇరవై ఆరు రోజులూ బొమ్మలు పాసవుతూనే ఉన్నాయి.

ఇరవై ఏడో రోజు ఒక పార్శిల్ వచ్చింది. పొట్ట చీలిన ఎలుగుబంటి బొమ్మ, దాంతో ఒక ఉత్తరం. పంపింది ఎవరో లారీ డ్రైవరు. అట్ట మీది ఫొటో చూసి కొన్నాననీ, తన కుక్క పేగులో ఈ బుడ్డి అడ్డం పడిందనీ, ఆపరేషన్ చేయించినా బతకలేదనీ రాశాడు. తిట్టలేదు. నష్టం అడగలేదు. చివర్న ఒకటే అడిగాడు: మీ కుక్క దీన్ని ఎన్ని నిమిషాలు కొరికిందో దయచేసి తెలియజేయగలరు.

ఆమె లాటు నంబరు చూసి రిజిస్టరు తీసింది. యాభై రెండు నిమిషాలు. కింద తన సంతకం. తేదీ చూస్తే, బాతుని బీరువాలో పెట్టిన మూడో రోజు.

ఆఫీసు గుమాస్తా అచ్చువేసిన జవాబు ఒకటి పంపాడు. అందులో చింతిస్తున్నామని ఉంది కానీ, నిమిషాలకి చోటు లేదు.

మర్నాడు నిమిషాలమ్మ మెకానిక్ పెట్టెలోంచి కటింగ్ ప్లయర్ తెచ్చుకుంది. మేస్త్రీ నమిలి వదిలేశాక, తలుపు గడియ పెట్టి, ఆ కుట్టునే ప్లయర్‌తో పట్టుకుని, కాలు తన్నిపెట్టి బలమంతా ఉపయోగించి లాగేది. కొన్ని తట్టుకున్నాయి. కొన్ని విచ్చుకున్నాయి. విచ్చుకున్నవాటికి 'మొదటి దూది, పంతొమ్మిది' అని రాసేది.

"అబద్ధం రాస్తున్నాననుకోలేదండీ. పళ్లున్న కుక్కయితే అక్కడే చింపేది కదా. వాడి పళ్ల బదులు నా చేతులు అనుకున్నాను."

వారంలో మూడు లాట్లు వెనక్కి వెళ్లాయి. కుట్టేవాళ్లు పలకరించటం మానేశారు. వదిన మాత్రం ఒక చిరిగిన బొమ్మని తీసుకుని, మిషన్ దీపం కింద చాలాసేపు తిప్పి చూసింది. నేరుగా ఈ గదిలోకి వచ్చింది.

"ఇది ఎవరు చింపారే?"

"ఇంకెవరు? మేస్త్రీ."

"పంటితో చిరిగితే పోగు నలుగుతుంది. తడిసి, కుచ్చులా విచ్చుకుంటుంది. ఇది చూడు, గీత గీసినట్టుంది. ముప్పై ఏళ్లు గుడ్డతో కాపురం చేశాను, నాకా చెప్తావు?"

నిమిషాలమ్మ రిజిస్టరు మూసేసింది.

"నాకు చప్పట్లు కొట్టారని నీకింత కడుపుమంటా?"

"వదినా, ఒక్కసారి వాడి నోట్లో వేలు పెట్టి చూడు."

వదిన కుక్క వంక చూసింది. కుక్క తోక ఊపింది. వదిన మొహంలో ఏదో వెలిగి వెంటనే ఆరిపోయింది. తెలివైన మనిషి. వేలు పెట్టకుండానే తెలిసిపోయింది.

"పెట్టను," అంది. "పెడితే నా కుట్టు ఏమైపోవాలి?"

అటునుంచి అటే మేనేజరు గదికి వెళ్లింది.

మేనేజరు పిలిపించాడు. నిమిషాలమ్మ బాతుని బల్ల మీద పెట్టి అంతా చెప్పేసింది. కోరల సంగతి, యాభై రెండు నిమిషాల సంగతి, ప్లయర్ సంగతి. చెప్తున్నంతసేపూ మనసులో మేస్త్రీ మెడకి గొలుసు తగిలించుకుంటూనే ఉంది. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు.

"ఇంత చిన్న విషయానికి ఇంత గొడవేంటమ్మా? నాకు తెలీదనుకున్నావా? పోయినేడాది టీకా వెయ్యటానికొచ్చిన డాక్టరే చెప్పాడు."

"తెలిసే ఉంచారా సార్?"

"పళ్లున్న కుక్కలు వీధికి పది దొరుకుతాయి. ఇలాంటి కుక్క ఎక్కడ దొరుకుతుంది చెప్పు? వాడు కొరికిన నిమిషాలు నువ్వు రాయి. అది అబద్ధం కాదు కదా?" పెన్ను మూత పెట్టేశాడు. "ఆ ప్లయర్ మెకానిక్‌కి ఇచ్చెయ్. కాదూ కూడదంటావా, నువ్వు మిషన్ మీదికెళ్లు. వాడి కోసం షెల్టరుకి ఫోన్ చేస్తాను."

బాతుని అక్కడే వదిలేసి ఆమె బయటికి వచ్చింది. నిజం చెప్తే కుక్క పోతుందని ఇన్నాళ్లూ భయపడింది. తీరా చెప్తే, ఆ నిజం ఆయన సొరుగులో ఏడాదిగా పడి ఉంది. దానికి ఏ విలువా లేదు. కుక్కని పోగొట్టగలిగింది ఆమె సంతకం పెట్టకపోవటం ఒక్కటే.

పెట్టింది. అప్పటినుంచి ఎనిమిది నెలలుగా పెడుతూనే ఉంది. అట్టల మీద ఫొటో కింద ఇప్పుడు చీమతలంత అక్షరాలతో, ఏ బొమ్మా పూర్తిగా చిరగనిది కాదని అచ్చు వేస్తున్నారు. ఫొటోలో మేస్త్రీ కోరలు మాత్రం అలాగే మెరుస్తున్నాయి. వదినా ఆమే ఇంకా ఆ మేడ గదిలోనే ఉంటున్నారు. ఒకే గిన్నెలో వండుకుంటారు. గ్యాసు అయిపోయిందనీ, నీళ్లు వచ్చాయనీ చెప్పుకుంటారు. పొద్దున నడిచి వచ్చేటప్పుడు ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం ఉంటుంది. ఒకరు ఆగితే రెండోవారూ ఆగుతారు. ఆ నాలుగడుగులు మాత్రం తరగవు.

ఎప్పుడైనా ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో ఒక కుక్క ముందు ఆ బొమ్మ విసురుతున్నట్టు అనిపిస్తుందట ఆమెకి. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోతుందట.

నేను లేచేసరికి ఆమె బీరువా వెనక్కి వెళ్లి ఒక గిన్నె తీసింది. గట్టి బిళ్లల తిండి గోరువెచ్చటి నీళ్లలో నాని, మెత్తగా ఉబ్బి ఉంది. మేస్త్రీ వచ్చి గిన్నెలో మూతి పెట్టింది. ఏ చప్పుడూ లేదు. నమిలే అవసరం లేని తిండి. కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర కారు దిగిన ఇద్దరితో మేనేజరు నవ్వుతూ మాట్లాడుతున్నాడు. బొమ్మలు కొనే పెద్ద దుకాణం తరఫున పరీక్ష చూడటానికి వచ్చినవాళ్లు. ఎదురుపడిన వాళ్లనల్లా ఆపి ఏవేవో అడిగి రాసుకుంటున్నారు.

ఆమె కిటికీ రెక్క దగ్గరగా వేసింది. గిన్నెకి అడ్డంగా వచ్చి నిలబడి, చీర కొంగుతో కుక్క మూతి తుడుస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"గేటు దగ్గర మిమ్మల్ని అడుగుతారు. బాగా కొరుకుతోందని చెప్పండి."