సముద్రంలోకి వదిలేసిన వాన

రిటైర్మెంటుకు ముందు ఏడాది, ఈశాన్య గాలులు మొదలైన నెలలో, గోవా నుంచి మారిషస్ వెళ్లే శిక్షణ తెరచాప పడవలో నన్ను మేటుగా వేశారు. మేటు అంటే కెప్టెన్ తర్వాతివాడు. తెరచాపలూ తాగునీరూ అతని పూచీ. నీళ్లకు కటకటలాడే రాయలసీమలో, రొద్దంలో పుట్టి, ఉద్యోగమంతా పెద్ద ఓడల ఇంజన్ల మోతలో గడిపినవాణ్ని. ఒక్కసారైనా ఒట్టి గాలితో సముద్రం దాటాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

వంటవాడు తిప్పేస్వామిదీ మా సీమే, గుడిబండ. మేమిద్దరం చెంబెడు నీళ్లతో స్నానం కానిచ్చేవాళ్లం. కెప్టెన్‌ది కేరళ. మమ్మల్ని చూసి నవ్వేవాడు.

భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోయింది. అదే సమయంలో రెండు నీళ్ల ట్యాంకుల్లో ఒకదానిలోకి ఉప్పునీరు దిగింది. రెండోది సగమే ఉంది. డీజిల్ దగ్గరి దీవి వరకే సరిపోతుంది. సాయంత్రంలోగా ట్యాంకు నిండేంత వాన పడకపోతే అక్కడికి మళ్లుదామనీ, ప్రయాణం అంతటితో సరి అనీ కెప్టెన్ తేల్చేశాడు. నా ప్రాణం ఉసూరుమంది.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఈదురుగాలికి చిరగకుండా పెద్ద తెరచాపను సగానికి దించి కట్టాం. దాని అడుగంచును సంచిలా వదులు చేస్తే వాననీరు అక్కడ చేరి ధారకడుతుంది. అయితే తెరచాపకు పట్టిన ఉప్పంతా కడిగేదాకా ఆ నీళ్లు పట్టకూడదు, సముద్రంలోకే వదలాలి.

ధార మొదలవగానే తిప్పేస్వామి బకెట్టు నింపి, మంచినీళ్ల ట్యాంకు మూత తీశాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"వదులన్నా! ఊరికే పోతాండాయి నీళ్లు. వాన మళ్లా వస్తాదని నీకెవురు చెప్పినారు?"

రుచి చూడమన్నాను. నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేశాడు. అవి ట్యాంకులో పడి ఉంటే ఉన్న మంచినీళ్లు కూడా పాడయ్యేవి.

అంత వాన సముద్రం పాలవుతుంటే మా సీమవాళ్లం చూస్తూ నిలబడటం సామాన్యమా? నా చేతులూ బకెట్టు మీదికే పోయాయి. మట్టివాసన కూడా లేని వాన. చివరికి ధారలో ఉప్పదనం పోయింది. పట్టడం మొదలుపెట్టాం. ఒక బిందె నిండిందో లేదో, వాన వెలిసిపోయింది.

"మా అవ్వ చూసింటే మనిద్దరినీ చీపురు తిరగేసి కొట్టేది," అన్నాడు తిప్పేస్వామి.

సాయంత్రం కెప్టెన్ ఇంజను వేసి పడవను దీవి వైపు తిప్పాడు. నాకు మళ్లీ ఆ అవకాశం రాలేదు.

ఇప్పుడు పెనుకొండలో ఉంటున్నాను. హిందూపురం బస్సు కోసం నిలబడినప్పుడు టీ అంగడి టార్పాలిన్ పట్ట గాలికి ఎగిరితే, లాగి కట్టాలని చేతులు తహతహలాడతాయి. గుడిబండలో వాన పడితే తిప్పేస్వామి ఫోన్ చేస్తాడు. "అన్నా, ఈడ పడతాండాది. ఆడ మొదటి నీళ్లు వదిలేసినావా?" అంటాడు. నవ్వేస్తాను. ఫోన్ పెట్టేశాక ఆ పడవ మీద బెంగ కమ్ముకుంటుంది.

ఆ రోజు చేసింది సరైన పనే. మళ్లీ అయినా అంతే చేస్తాను. నియమం పాటించినవాడు ఒడ్డు చేరతాడు. అది తను కోరుకున్న ఒడ్డే అవుతుందని నియమాల్లో ఎక్కడా లేదు.