పిల్లిని కనిపెట్టే రోబో

కళ్లజోళ్ల దుకాణం ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సన్నటి స్క్రూడ్రైవర్ ఉంటుంది. పగలంతా దాంతో జనం కళ్లజోళ్లు బిగిస్తాడు, సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల నిండా వైర్లు, మోటార్లు పరిచి రోబోలు బిగిస్తాడు. యాభై దాటాక పట్టుకున్న పిచ్చి ఇది. గీత వెంబడి నడవాల్సిన బండి గోడను గుద్దింది. మొక్కలకు నీళ్లు పోయాల్సిన యంత్రం గుమ్మం దగ్గరి బూట్లను నీళ్లతో నింపింది. "ఇంటికి పనికొచ్చేదైనా చేయండి, లేదా బల్ల ఖాళీ చేయండి" అని భార్య తేల్చి చెప్పేసరికి, పాలగిన్నె దగ్గరికొచ్చే పెంపుడు పిల్లిని చూసి అరిచే రోబో తయారీకి పూనుకున్నాడు. పిల్లి ఎలా ఉంటుందో దానికి నేర్పడానికి ఫోనులో మూడు వందల ఫొటోలు తీశాడు.

ప్రారంభోత్సవం నాడు భార్య వంటింట్లో అడుగుపెట్టగానే రోబో "పిల్లి! పిల్లి!" అని గొంతు చించుకుంది. ఆమె బయటికి రాగానే గప్‌చుప్. అసలు పిల్లి దాని కళ్లెదుటే తీరిగ్గా పాలు తాగి మూతి నాక్కుంది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఫొటోలు తిరగేశాడు. పిల్లి కుదురుగా కూర్చునేది భార్య ఒళ్లో మాత్రమే కాబట్టి, ప్రతి ఫొటోలోనూ ముప్పాతిక వంతు ఆమే ఉంది.

"ఇవన్నీ తీసేసి మళ్లీ తీస్తాలే" అని గొణిగాడు.

ఆమె ఫోను లాక్కుంది. "తీసేశారంటే ఊరుకోను! పెళ్లయిన దగ్గర్నుంచి మీరు నాకు తీసినవి పట్టుమని పది లేవు. పిల్లి పుణ్యమా అని మూడొందలు!"

ఆ తర్వాత బల్ల సంగతి ఆమె ఎత్తలేదు.