నా చెయ్యి తగలని ముద్దలు

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే, నేను పనిచేసే ఇంటి మేడమ్ గారు రాస్తున్నారు. ఏదీ తీసెయ్యకుండా రాయమన్నాను.

మా ఆయన కార్పొరేషన్‌లో చెత్తబండి తోలేవాడు. పోయి ఆరేళ్ళయింది. మూడేళ్ళ కిందట నా కూతురికి ఐదో నెలలో చలిమిడి పెట్టాల్సి వచ్చింది. కడుపు చల్లగా ఉండాలని పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి ఒడిలో పెట్టేది అది. మొగుడు పోయినదాని చెయ్యి అందులో పడకూడదు, ముత్తైదువ ఎవరైనా కలపాలి. ఆ రోజు మేముండే గార్డెన్ రీచ్‌లో మా ఇళ్ళ వరసలోని తెలుగు ఆడవాళ్ళందరూ ఎవరిదో పెళ్ళికని ఊరెళ్ళారు. తడి పిండి పులిసిపోతోంది. తలుపు గడియ పెట్టి నేనే పాకం పట్టి కలిపేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆరో నెలలో బిడ్డ పోయింది. ఆస్పత్రి మంచం మీద నా కూతురు ఒక్కటే అడిగింది.

"నువ్వే కలిపావేటమ్మా?"

నేను నోరు విప్పలేదు. దానికి అదే జవాబయింది.

ఇప్పుడు దానికి మళ్ళీ ఐదో నెల. కూతురి అత్త ఫోన్ చేసి, "సలిమిడి మేమే సేసుకుంతాం వదినా. ఆదివారం నువ్వు ఉత్త సేతుల్తో రా, సాలు" అంది. ఉత్త చేతులతో ఎలా వెళ్ళను? తల్లిని కదా. నా వైపు నుంచి ఒక్క తీపి ముక్క దాని నోట్లో పడాలి. అంతకన్నా నాకు ఏ కోరికా లేదు.

ఆ శుక్రవారమే మేడమ్ గారు జిగురు బియ్యం తెప్పించారు. ఆవిడ హైదరాబాదు నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి. ఈ ఊళ్ళో పనిమనిషిని మాసీ అంటారు, ఆవిడా నన్ను అలాగే పిలుస్తారు. పిల్లలకి బడి సెలవు. "జపాన్ వాళ్ళ మిఠాయి, మోచి అట మాసీ. పిల్లలతోని చేయించు, జర ఫోన్లు విడిచిపెడతరు" అని, ఎలా చేస్తారో ఫోన్లో చూపించి పనిగదిలోకి వెళ్ళిపోయారు. పిల్లకి ఆరేళ్ళు, పిల్లాడికి నాలుగు.

నానిన బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి మసాలా రోట్లో వేశాను. ఒకరు దంచుతుంటే ఒకరు తిప్పాలి. పిల్ల అప్పడాల కర్ర పట్టుకుంది, పిల్లాడు తడిపిన చెక్క గరిటె పట్టుకున్నాడు. వేళ్ళు నలగకుండా నేను "దంచు, తిప్పు, దంచు, తిప్పు" అంటూ నిలబడ్డాను. కాసేపటికి గింజ గింజా కలిసిపోయి తెల్లగా మెరుస్తూ సాగింది. అచ్చం చలిమిడే.

అప్పుడు నా బుర్రలో పురుగు దొలిచింది. బియ్యం కడిగింది మేడమ్ గారు. నేను రోట్లో వేసింది గరిటెతో. ఇప్పటిదాకా వేలు కూడా తగల్లేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

"నువ్వు ముట్టుకోవా మాసీ?" అంది పిల్ల.

"నా సెయ్యి మంచిది కాదమ్మా."

"కడుక్కో మరి. సబ్బు అక్కడుంది."

పిల్లాడు ఒక ముక్కను మూరెడు సాగదీసి, "అరే, స్లైమ్!" అంటూ అక్క జడకి అంటించాడు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

కొబ్బరీ బెల్లమూ లోపల పెట్టి వాళ్ళే వంకర టింకరగా ముద్దలు చుట్టారు. నా కూతురికి అని చెబితే నాలుగు ఏరి డబ్బాలో సర్దారు. చలిమిడి వారమైనా మెత్తగా ఉంటుంది. ఇదీ అంతే అనుకున్నాను. నా చెయ్యి తగులుతుందేమోనని ఆదివారం దాకా మూత తియ్యలేదు.

ఆదివారం బస్సులో వంతెన దాటి, కూతురి అత్తవారుండే సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లకు వెళ్ళాను. కూతురు పీట మీద కూర్చుని ఉంది. దాని అత్త డబ్బా తెరిచి, ఒక ముద్ద తీసి పళ్ళెం అంచుకి కొట్టింది. టక్కుమంది.

"ఏటొదినా ఇవి? గోలీకాయలా? మీ మేడమ్ గోరింట్లో పళ్ళూడగొట్టుకోడానికి తింతారేటి?"

ముత్తైదువలు పకపకా నవ్వారు. నా కూతురు చెయ్యి చాపి ఒకటి అరచేతిలోకి తీసుకుంది. నవ్వులు ఆగాయి.

"నువ్వే సేసావేటమ్మా?"

"నేదే తల్లీ. నా ఏలు కూడా తగల్నేదు. పసిపిల్లలు సేసారు, దేవుడి తోడు."

ముద్దని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వు పక్కనే ఉన్నావు గదా" అంది.

గొంతులో కోపం లేదు. ముద్దని డబ్బాలో పెట్టేసి, మూత తనే వేసింది. తర్వాత ఆ చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

సోమవారం ఆ డబ్బా పట్టుకునే పనికెళ్ళాను. పిల్ల గుమ్మంలోనే అడిగింది. "అక్క తిన్నదా మాసీ?"

"గట్టిపడిపోయాయమ్మా."

లోపలికి పరిగెత్తి వాళ్ళమ్మని అడిగొచ్చింది. ఆవిరి పట్టాలట. పట్టాం. శుక్రవారం ఉన్నంత మెత్తగా అయ్యాయి. ఒకటి చిన్న చిన్న ముక్కలు చేసిస్తే పిల్లాడు తినేశాడు. పిల్ల మిగతా మూడూ డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది.

"ఇప్పుడు తింటది. తొందరగా పట్టుకెళ్ళు."

కిందికి దిగాను. బస్సులు ఆగేది గేటు ముందే. సంత్రాగాఛి వైపు వెళ్ళేది ఒకటి వచ్చింది, వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది. డబ్బా చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.