అత్త తెచ్చిన బాతు పిల్లలు

మొన్న బరంపురంలో మా పక్కింటి కోడలు సంతలో రెండు బాతు పిల్లల్ని కొనుక్కొచ్చి నీళ్ల టబ్బులో వదలబోతుంటే, "వద్దు!" అని నేను పెట్టిన కేకకి ఆ అమ్మాయి బెదిరిపోయింది. ఎందుకు అరిచానో చెప్పాలంటే గిరిసోలలో మా అత్తవారి పెరటి దాకా వెళ్లాలి.

పెళ్లయిన రెండో ఏడు, ఆరో నెలలో నాకు కడుపు పోయింది. ఏడవలేదు. పెడితే తినేదాన్ని, చెబితే స్నానం చేసేదాన్ని. మా అత్తకి ఒకరిని ఓదార్చడం చేతకాదు; చేటలో బియ్యంతో మాట్లాడినన్ని మాటలు కూడా నాతో మాట్లాడేది కాదు. అలాంటి మనిషి ఒకరోజు ఖల్లికోట నుంచి రైల్లో గంప ఒళ్లో పెట్టుకుని వచ్చింది. లోపల గడ్డిలో అయిదు బాతు పిల్లలు. అవి కీచుమన్నప్పుడల్లా టికెట్ల ఆయనకి వినబడకుండా తనే దగ్గిందట. "ఇయ్యి నీయి. సూసుకో," అని పొలానికి వెళ్లిపోయింది.

బాతులు ఈదుతాయని తప్ప నాకేం తెలుసు? అవి కోడి చేత పొదిగించినవని, అలాంటి పిల్లలకి తల్లి బాతు ఒంటి నూనె అంటదని, వాటి నూగు ఇట్టే తడిసి చలికి కొయ్యబారిపోతాయని తెలియదు. తొట్టి నింపి వదిలాను. వాటి సంబరం చూసి చాలా రోజులకి నవ్వాను. లోపలికెళ్లి అన్నం వార్చి వచ్చేసరికి మూడు తలలు వాల్చేశాయి. రెండు వణుకుతున్నాయి.

అంతలో అత్త వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆ రెండింటినీ కొంగులో చుట్టి, కడుపుకి అదుముకుని పొయ్యి దగ్గర కూర్చుంది.

"నానే సంపేసినాను అత్తా," అన్నాను.

"నీకేటి తెలుసమ్మీ. నాను సెప్పనేదు." పొయ్యిలో పుల్ల ఎగదోసి, నా వంక చూడకుండా అంది: "నాకూ ఒకటి పోనాది. నీ మొగుడి కంటే ముందు. ఎవులికీ సెప్పుకోనేదు."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. అత్త ఆపమనలేదు, కాస్త జరిగి పొయ్యి ముందు చోటిచ్చింది.

ఆ రెండూ బతికాయి. తర్వాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. అత్త పోయి చాలా ఏళ్లయింది. పోయిన బిడ్డ ఉంటే ఇప్పుడెంత వయసో నేను ఏటా అనుకుంటూనే ఉంటాను. తన బిడ్డ గురించి అత్త కూడా అలాగే అనుకునేదా అని అడగాలన్న ఆలోచన, నాకు ఆమె వయసు వచ్చాక గానీ రాలేదు.