నా ప్యాకేజీ బాగుపడిన వైనం

ఆ రోజుల్లో ఎవరైనా "ఏం పని చేస్తున్నావమ్మా?" అని అడిగితే చాలు, నాకు ఎక్కడలేని హుషారు వచ్చేది. ఎదుటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం నాకు రాదన్న సంగతి మాత్రం తెలియదు. చిప్‌లు తయారుచేసే కంపెనీలో కొత్తగా చేరాను. ఇంటి నుంచే పని. గుడివాడలో మా ఇంటి నెట్, నాలుగు చినుకులు పడితే పడుకునేది. అందుకని బందరులో బాబాయి ఇంట్లో మకాం పెట్టాను. బాబాయి స్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తనని ఎవరూ మోసం చేయకుండా చూసుకోవడమే అప్పటినుంచీ ఆయన ఉద్యోగం. పిన్నికి ప్రార్థన తరవాతే ఏదైనా. వెళ్ళిన రోజే ఇద్దరినీ కూర్చోబెట్టి, "నేను ప్యాకేజీ మీద పనిచేస్తున్నాను" అని గొప్పగా ప్రకటించాను. చిప్‌ని భద్రంగా బిగించే డబ్బాని మావాళ్ళు ప్యాకేజీ అంటారు. మనవైపు ప్యాకేజీ అంటే జీతమేనని (సంబంధాలప్పుడు పిల్లాడి పేరు కన్నా ముందు అడిగేది అదేగా!) నాకు తట్టలేదు. "మంచిదమ్మా, కష్టపడు, వాళ్ళే పెంచుతారు" అన్నాడు బాబాయి. డబ్బాని ఎందుకు పెంచుతారా అని నేనూ ఆలోచించలేదు.

నా పని చెప్పుకోవడానికి చిన్నదే. చిప్ లోపలినుంచి సంకేతాన్ని బయటికి తోసే భాగం పేరు బఫర్. అది ఎలా నడుచుకుంటుందో చెప్పే మోడల్ ఒక ఫైలు. ఆ సంకేతం డబ్బాలోని సన్నటి దారులు దాటి బయటపడేసరికి ఎంత నలుగుతుందో చెప్పే మోడల్ ఇంకో ఫైలు. రెండింటినీ కలిపి కంప్యూటర్లో నడిపి, సంకేతం క్షేమంగా చేరుతోందో లేదో చూడాలి. కలిపాను. చేరలేదు! నిటారుగా లేచి నిలబడాల్సిన గీత, గతుకుల్లో పడ్డ బస్సులా ఊగిపోయింది. ఇంకెవరైనా అయితే తన పని ఒకసారి సరిచూసుకునేవారు. నేను మాత్రం వెంటనే మా లీడ్ గారికి ఫోన్ చేసి, "డబ్బాలోనే లోపం ఉందండీ" అని తేల్చేశాను. "సరే, సోమవారం మీటింగులో ఆ డబ్బా చేసినవాళ్ళూ ఉంటారు. ఆ మాటేదో నువ్వే చెప్పు" అన్నారాయన. నా ప్రొబేషన్ ఆ నెలతో ఆఖరు. నా మాట నిజమైతే వాళ్ళు డబ్బాని మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి. తప్పయితే నేను ఉద్యోగాన్ని మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి.

ఫోన్ పెట్టేశాక భయం మొదలైంది. అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే పిన్ని, "ఏమైందే, మొహం అలా పెట్టావు?" అంది. "ప్యాకేజీ సరిగ్గా లేదు పిన్నీ" అన్నాను. అంతే. ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక. పదిమంది ఆడవాళ్ళ మధ్య పిన్ని కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా అమ్మాయి ప్యాకేజీలో ఉన్న లోపాన్ని నీవే చక్కబెట్టు తండ్రీ" అని గొంతెత్తి ప్రార్థించింది. అందరూ "ఆమేన్" అన్నారు. నేను అందరికన్నా గట్టిగా అన్నాను. టీలు ఇస్తుంటే పక్కింటి మామ్మగారు నా చెయ్యి పట్టుకుని, "మా మనవడికీ ఇంతేనమ్మా. చేరేప్పుడు ఒకటి చెబుతారు, చేతికొచ్చేది ఇంకోటి" అని ఓదార్చింది. (సాంకేతికంగా చూస్తే నా బాధ కూడా సరిగ్గా అదే.)

మర్నాడు బాబాయి, "మీ ఆఫీసరుకి హల్వా పంపిద్దాం పద. మన బందరు హల్వా తిన్నాక కూడా ప్యాకేజీ సరిచెయ్యకపోతే అతను మనిషే కాదు" అని నన్ను బయల్దేరదీశాడు. కొట్లో ఎవరో పాత మాస్టారు కనబడితే బాబాయి పలకరిస్తున్నాడు. ఆలోగా కొట్టతను ఖాళీ డబ్బాని కాటా మీద పెట్టి, మీట నొక్కి అంకెని సున్నా చేసి, హల్వా ముక్కలు పేర్చాడు. బాబాయి ఇటు తిరిగి, "డబ్బా బరువు తియ్యవేంటయ్యా?" అన్నాడు.

"ముందే తీసేశానండీ."

"నేను చూళ్ళేదుగా! మళ్ళీ తియ్యి."

"ఒక్క డబ్బాని రెండుసార్లు లెక్కెడితే ఎలాగండీ బాబూ!" అన్నాడతను, ఏడుపు మొహంతో.

నా చేతిలో సంచి కింద పడిపోయింది. బఫర్ ఫైల్లోనే డబ్బా తాలూకు ఉజ్జాయింపు విలువలు ముందుగా రాసిపెట్టి ఉంటాయి. అసలు డబ్బా మోడల్ తగిలించేటప్పుడు వాటిని సున్నా చెయ్యాలి. నేను చెయ్యలేదు. పాపం ఆ సంకేతం ఒకే డబ్బాని రెండుసార్లు మోసింది! "బాబాయ్! ప్యాకేజీ రెండుసార్లు పడింది!" అని కొట్లోనే కేకేశాను.

బాబాయి మొహంలో రంగులు మారాయి. నా రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చి, "గట్టిగా అరవకే పిచ్చిదానా! తిరిగి కట్టమంటారు" అన్నాడు గుసగుసగా.

ఇంటికి ఎలా వచ్చిపడ్డానో తెలియదు. ఆ విలువలు సున్నా చేసి మళ్ళీ నడిపాను. గీత బుద్ధిగా లేచి నిలబడింది. అమ్మయ్య! అలాగే నేలమీద వెల్లకిలా పడుకుని ఫ్యాన్ వంక చూస్తూ నవ్వుకున్నాను. ఆ క్షణంలో నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. లీడ్ గారికి చెబితే ఆయనా "అమ్మయ్య" అన్నారు. ("నేను ఆ డబ్బావాళ్ళకి మెయిల్ రాస్తున్నానమ్మా, ఇంకా పంపలేదు" అని కూడా అన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.) సోమవారం మీటింగులో "అంతా బాగుందండీ" అన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. ఉద్యోగం నిలిచింది. అప్పటికే, ముందురోజు ఆదివారం, పిన్ని చర్చిలో లేచి, తన బిడ్డ ప్యాకేజీ ఒక్క రోజులో రెట్టింపైందని సాక్ష్యం చెప్పేసింది.

ఇప్పుడు నా కిందా ఓ జట్టు పనిచేస్తోంది. ఏ ఫైలు తెరిచినా ముందు డబ్బా బరువు తీశానా అని చూసుకుంటాను. ఆనాటి ఆ తేల్చిచెప్పే పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. దాని ధీమాలో పావు వంతు ఉన్నా బాగుండుననిపిస్తుంది. మొన్న బందరు వెళ్తే బాబాయి, వినికిడి తగ్గింది కదా, నన్ను దగ్గరికి రమ్మని సైగచేసి, తను మాత్రం వీధంతా వినబడేలా అడిగాడు: "అప్పుడు రెండుసార్లు పడ్డ ప్యాకేజీ... వాళ్ళింకా కనిపెట్టలేదుగా?"

"లేదు బాబాయ్. వాళ్ళకన్నా ముందు మనమే కనిపెట్టాం" అన్నాను.

ఆయన తృప్తిగా తలాడించి, హల్వా డబ్బా నా వైపు జరిపాడు.