చాప మీది టీచరమ్మ

మా సమోవా ఊరి బడిలో ఫిలోయి టీచరమ్మకూ ఓ కుర్చీ ఉంది, కానీ దాని మీద కూర్చునేది సీమపనస జిగురు డబ్బా. పిల్లల రాతలు గోడకు అంటించేది ఆ జిగురుతోనే. ఆవిడ మాత్రం పిల్లల మధ్య చాప మీద మఠం వేసుకుని, వాళ్లు రాస్తుంటే తనూ రాస్తుంది. ఎవరు కాగితం చూపించినా తప్పులు వెతకదు. "తర్వాతేమైంది?" అంటుంది. ఆ ఒక్క మాటకే పిల్లలు పేజీలు నింపేస్తారు.

మొన్న హెడ్మాస్టరు ఇయాకోపో మండిపడుతూ వచ్చాడు. కూర్చున్నవాళ్లతో నిలబడి మాట్లాడటం మాలో మర్యాద కాదు కనక, చాప మీద కూలబడ్డాకే నోరు విప్పాడు.

"గోడ నిండా తప్పులే! ఎర్రపెన్ను కొనడానికి బద్ధకమా అమ్మా?"

"చాప మీద కూర్చుంటే ముందు రాయాలి సార్," అని ఆవిడ పెన్సిలు అందించింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

తప్పక, చిన్నప్పుడు అన్నతో చేపలకెళ్తే పడవ బోల్తాపడిన సంగతి నాలుగు వరుసలు గీకి లేవబోయాడు. ఎనిమిదేళ్ల మొమోయె కాగితం లాక్కుని చదివింది.

"మరి మీ అన్న ఒడ్డుకొచ్చాడా సార్?"

ఆయన మళ్లీ కూర్చున్నాడు. టీచరమ్మ ఇంకో కాగితం ముందుకు జరిపింది.

మా బడిలో ఇంటికెళ్లే గంట కొట్టేది హెడ్మాస్టరే. ఆ రోజు అది చాలా ఆలస్యంగా మోగింది.