ఒక భుజం దిగిన కోటు

వయసులో ఉన్నప్పుడు మనిషికి తన పనిలో తెలియనిదేమీ లేదనిపిస్తుంది. తెలిసింది జానెడేనని చాలా ఆలస్యంగా తెలుస్తుంది. మిషిగన్ వచ్చిన కొత్తలో నాది ఆ మొదటి రకం వయసు. నర్సుగా ఉద్యోగం వచ్చింది నా భార్యకి, ఆవిడ వెనకాల వచ్చినవాణ్ణి నేను. పదేళ్ళకే బడి మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను, ఇరవై తొమ్మిదేళ్ళకి ట్రాయ్ అనే ఊళ్ళో ఒక తెలుగు ఆంటీ గారి డ్రైక్లీనింగ్ షాపులో ఆల్టరేషన్లు చేస్తున్నాను. ఇంగ్లీషు రాకపోయినా బట్ట సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని గట్టి నమ్మకం. మంచులో కారు ఆపి లోపలికొచ్చే ప్రతి కస్టమర్ కోటునీ చూసి మనసులో మార్కులు వేసేవాణ్ణి. చాలామంది తప్పేవాళ్ళు. (బళ్ళో నేనూ తప్పేవాణ్ణి, అది వేరే సంగతి.)

ఆంటీ గారి అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. కాలేజీలో మగవాళ్ళ బట్టలు డిజైన్ చేయడం చదువుతోంది. అదేం చదువో ఆంటీకి అర్థం కాలేదు, నచ్చనూ లేదు. ఒక శనివారం ఆ అమ్మాయి, కాలేజీలో ఏడాది చివరి ఫ్యాషన్ షో కోసం కుట్టిన నల్లకోటు తెచ్చి షాపులో ఉన్న బొమ్మకి తొడిగింది. ఆంటీ నావైపు తిరిగి, "ఏమయ్యా, నువ్వు చూసి చెప్పు. బాగుందంటే చదువుకోనీ. బాగోలేదంటే ఫాల్ సెమిస్టర్ నుంచి కంప్యూటర్స్‌కి మార్పిస్తా" అంది. తెలివైనవాడైతే బాగుందని చెప్పి తన మిషన్ దగ్గరికి పోతాడు. నేను టేపు మెళ్ళో వేసుకుని సుద్దముక్క తీశాను.

"కుడి భుజం ముప్పావంగుళం దిగిపోయింది," అన్నాను గీత గీస్తూ. "ఎడమ చెయ్యి పొడుగు. వీపు దగ్గర బట్ట ఎక్కువై బుడగలా లేచింది. ముందు భాగం చాలక పైకెక్కింది. కాలరు ముందుకు తోసుకొచ్చింది. కింద అంచు మడవనే లేదు, దారాలు వేలాడుతున్నాయి."

"అంకుల్, అది అలాగే ఉండాలి," అంది అమ్మాయి. (ఇరవై తొమ్మిదేళ్ళకే అంకుల్ని.)

"ఎందుకుండాలమ్మా? మనిషికి రెండు చేతులూ ఒకటే పొడుగు కదా?"

"నాట్ ఎవ్రీబడీ, అంకుల్."

"చూశావా! అతనికి నీ మీద కోపమా, పగా?" అంటూ ఆంటీ అప్పుడే ఫోన్ తీసింది, కంప్యూటర్స్ చదివే ఎవరి అబ్బాయినో అడిగి ఆ కోర్సు వివరాలు కనుక్కుందామని. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా బొమ్మ మీంచి కోటు తీసి నా చేతిలో పెట్టింది. "ఒక్కసారి మీరు వేసుకోండి. ప్లీజ్."

వేసుకున్నాను. వీపు మీది బుడగ మాయమైంది. కాలరు మెడకి అతుక్కుంది. రెండు చేతులూ మణికట్టు దగ్గర సమానంగా ఆగాయి. నా పెళ్ళి సూటు కూడా నాకలా కూర్చోలేదు. (దాన్ని కుట్టింది నేనే.) అద్దంలో చూసుకుంటే కోటు తిన్నగా ఉంది, నేనే వంకరగా ఉన్నాను.

"మీరు రోజూ మిషన్ మీద వంగి ఎలా ఉంటారో చూసి కట్ చేశా," అంది ఆ పిల్ల. "పని చేసేవాళ్ళ బాడీ స్ట్రెయిట్‌గా ఉండదు అంకుల్. బట్టలు మాత్రం స్ట్రెయిట్ వాళ్ళకే కుడతారు. అదే నా ప్రాజెక్ట్."

నేను సుద్దముక్క జేబులో పెట్టేశాను. ఆంటీ మాత్రం తగ్గలేదు. "ఇతనొక్కడికి సరిపోతే అయిపోయిందా? షోలో ప్రొఫెసర్లు ఏమంటారో చూసి అప్పుడు చెప్తా," అంది.

అలా ఆ షోలో ఆ కోటు వేసుకుని నడవాల్సిన పని నా మీద పడింది. లైట్లు, రెండు పక్కలా జనం, ముందు వరసలో కాగితాలు పట్టుకుని ప్రొఫెసర్లు, వాళ్ళ వెనకే ఆంటీ, నా భార్య. అంతమంది చూస్తుంటే గూనితో నడుస్తామా? ఛాతీ విరుచుకుని, భుజాలు ఎగదీసి, పరేడులో పోలీసులా అడుగేశాను. నిటారుగా నిలబడేసరికి వీపు మీద బుడగ లేచింది, ముందు భాగం బొడ్డు దాకా ఎగిరింది. నేను సుద్దతో గీసిన తప్పులన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎవరో కిసుక్కుమన్నారు. తెర పక్కనుంచి అమ్మాయి, "అంకుల్! వంగండి! ప్లీజ్ వంగండి!" అంటోంది. మాట సరిగ్గా వినపడక, నడక తడబడిందేమో అనుకుని నేను ఇంకా బిగుసుకున్నాను.

చివరిదాకా వెళ్ళి ఆగి కిందికి చూస్తే కోటు అంచున పొడుగాటి దారం ఒకటి వేలాడుతోంది. అంతే, జనమూ లైట్లూ మర్చిపోయాను. అలవాటు ప్రకారం వంగి, అంచు ఎడం చేత్తో లాగి పట్టుకుని దారం పళ్ళతో కొరికేశాను. వంగేసరికి కోటు నా ఒంటి మీద సర్దుకుంది. ముందు వరసలో ఒక పెద్దావిడ కాగితాలు ఒళ్ళో పడేసి చప్పట్లు కొట్టింది, మిగతావాళ్ళు అందుకున్నారు. నేను లోపలికి రాగానే అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ, "ఆ దారం కూడా డిజైనే అంకుల్," అంది.

ఇంటికొచ్చేటప్పుడు కారు ఆంటీయే నడిపింది. హైవే ఎగ్జిట్ దిగాక, "ఫాల్ ఫీజు ఎప్పటిలోగా కట్టాలే?" అని కూతుర్ని అడిగింది.

ఆ షోలో నా భార్య తీసిన ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. దారం కొరికినప్పటిది కాదు, అంతకుముందు ఛాతీ విరుచుకుని నడిచినప్పటిది. ఆ కుర్రాడు ఎంత ఊపిరి బిగబట్టాడో, మెడ నరాలు కనిపిస్తున్నాయి. ఇప్పుడు నేను అలా నిలబడదామన్నా నడుం ఒప్పుకోదు. అప్పుడప్పుడు ఫోటో చూసి, ఊపిరి వదలరా నాయనా, ఎవరూ ఏమీ అనుకోరు అని చెప్పాలనిపిస్తుంది.